బొగ్గు నేలపై తెల్లని గోడ

పాఠ్యభాగ పరిచయం

ఈ పాఠం వ్యాస ప్రక్రియకు చెందినది. ఇంటి వెలుపలి గోడలు, లోపలి పూతలు, ముంగిలి, పెరడు అనే వాటి సంరక్షణ ఇందులోని విషయం. సింగరేణి బొగ్గుగనుల ప్రాంతమైన గోదావరిఖని దీనికి నేపథ్యం. వ్యాసకర్త బాల్యం గని కార్మికుల క్వార్టర్లలో గడిచింది. తనది కాని ఇంటిని తనదిగా చూసుకొన్న ఒక తరం అనుభవాన్ని, ఆ అనుభవంలో దాగిన శాస్త్రాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

పాఠం

సంస్కృతంలో 'సుధ' అనే పదానికి రెండు ప్రసిద్ధమైన అర్థాలున్నాయి. ఒకటి అమృతం, రెండవది సున్నం. సుధతో పూయబడినది కావున మేడకు 'సౌధం' అనే పేరు వచ్చింది. కావ్యాలలో సౌధమనగానే మనకు బంగారు కలశాలు, ఎత్తైన అంతస్తులు, వెన్నెల కాచే చంద్రశాలలు స్ఫురిస్తాయి. కాని ఆ మాట పుట్టుకలో ఎత్తు లేదు, బంగారం లేదు. ఉన్నది గోడకు పూసిన తెల్లని సున్నం మాత్రమే. ఆ లెక్కన ఏటేటా సున్నం వేసుకొనే రెండు గదుల ఇల్లు కూడ వ్యుత్పత్త్యర్థాన్ని బట్టి సౌధమే అవుతుంది. తరగతిలో ఈ మాట చెప్పినప్పుడు విద్యార్థులు నవ్వుతారు. నేను నవ్వులాటకు చెప్పడం లేదు. నేను పెరిగిన ఇల్లు అటువంటి సౌధమే.

అచ్చ తెలుగు మాటలు కూడ ఇంటిని గురించి ఆలోచించదగిన విషయాలను తమలో దాచుకొన్నాయి. 'వాకిలి' అంటే ఇంటి వాయి, అనగా ఇంటికి నోరు. 'ముంగిలి' అంటే ఇంటికి మున్ను, అనగా ఇంటి ముందరి భాగం. రెండు మాటల చివర ఉన్నది 'ఇల్లు' అనే పదమే. గడప లోపలి గదులనే కాక, గడప వెలుపలి నాలుగడుగుల నేలను కూడ మన పూర్వులు ఇంటిలో భాగంగానే లెక్కించారన్నమాట. ఈ లెక్క సరియైనది. పెరటిలో నీరు నిలిస్తే పడకగది గోడకు చెమ్మ ఎక్కుతుంది. పైకప్పు మీది రావి మొలక నట్టింటి గోడను చీలుస్తుంది. వెలుపల, లోపల, పెరడు అని మనం మాటలలో విడదీసుకొంటాము గాని, నీటికి, వేరుకు ఆ విభజన తెలియదు.

ఇక మా ఊరి సంగతి. 'ఖని' తత్సమం, 'గని' దాని తద్భవం. గోదావరి ఒడ్డున గనిచుట్టూ వెలసినది కనుక గోదావరిఖని. 1871లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు పరిసరాలలో బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. 1886లో ఏర్పడిన హైదరాబాదు (దక్కన్) కంపెనీ 1889లో అక్కడ తవ్వకం ప్రారంభించింది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ అనే పేరు స్థిరపడింది. రామగుండం ప్రాంతానికి గనులు చాల ఆలస్యంగా, 1960 ప్రాంతంలో వచ్చాయి. ఆ తరువాత విద్యుత్ కేంద్రాలు, ఎరువుల కర్మాగారం, బసంత్‌నగర్‌లో సిమెంటు కర్మాగారం వెలిశాయి. అప్పటి కరీంనగర్ జిల్లాలోని ఈ ప్రాంతం 2016 నుండి పెద్దపల్లి జిల్లాలో ఉన్నది.

గనులలో పనికి వచ్చినవారు ఎక్కువమంది పల్లెల నుండి వచ్చారు. పల్లెలో వారిది మట్టి గోడల ఇల్లు, గూన పెంకుల కప్పు. గోడ పెచ్చు ఊడితే మన్ను తొక్కి మెత్తేవారు. పెంకు జారితే వానకాలానికి ముందే సర్దేవారు. పేడతో అలకడం, జాజు పూయడం, సున్నం వేయడం ఎవరూ నేర్పనక్కరలేని విద్యలు. ఆ విద్యలతో వారు కంపెనీ క్వార్టర్లలోకి వచ్చారు. ఇక్కడ గోడలు ఇటుకవి, నేల సిమెంటుది, పైన స్లాబు. అన్నింటికంటె పెద్ద భేదం మరొకటి ఉన్నది. పల్లెలోని ఇల్లు తాత కట్టినది, మనుమనికి చెందేది. ఇక్కడి ఇల్లు ఉద్యోగం ఉన్నంతవరకే. పదవీ విరమణ చేసిన కార్మికుడు తాళంచెవి కంపెనీకి అప్పగించి వెళ్ళవలసిందే.

మా బాపు భూగర్భ గనిలో పనిచేశాడు. మా క్వార్టరులో రెండు గదులు, ఒక వంటగది, వెనుక చిన్న దొడ్డి ఉండేవి. తెల్లవారేసరికి కిటికీ గడప మీద నల్లని పొడి సన్నగా పేరుకొనేది. అది బొగ్గు లారీల నుండి, బొగ్గును పగులగొట్టి రైలు పెట్టెలకెత్తే చోటు నుండి గాలితో వచ్చిన ధూళి. దానికి తోడు ఇంటింటా బొగ్గు పొయ్యి. వంటగ్యాసు ఇంటింటికీ రాక ముందు కార్మికుల కుటుంబాలు బొగ్గుతోనే వండుకొనేవి. సాయంత్రం వేళ పొయ్యిలన్నీ ఒకేమారు రాజేస్తే కాలనీ మీద పొగ దుప్పటిలా పరచుకొనేది. ఆ పొగకు వంటగది కప్పు ఆరు నెలలలో పలక వలె నల్లబడేది. బాపు గనిలో నలుపు, ఇంట్లో నలుపు. మా అవ్వ మాత్రం ఆ నలుపుతో రాజీ పడలేదు. వాకిలి ఊడ్చి అలుకు చల్లి ముగ్గు పెట్టనిదే ఆమె పొయ్యి ముట్టించేది కాదు. రాత్రి షిఫ్టు దిగి ఏడు గంటల తరువాత వచ్చే బాపు ఆ ముగ్గును తొక్కకుండ పక్కనుండి దాటి రావడం నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్లుంటుంది.

నేను ఏడవ తరగతిలో ఉండగా ఒక దసరా ముందు సున్నం కలుపుతూ విసుగు పుట్టి అడిగాను: "ఇది మన ఇల్లు గాదు గద బాపూ, కంపెనోళ్ళది. గింత కష్టం మనకెందుకు?"

బాపు నిచ్చెన మీదనే ఉండి, కుంచె ఆపకుండ అన్నాడు: "కాయితంల కంపెనీదే కొడుకా. ఉన్నన్నొద్దులు మనదే."

తెలంగాణ పల్లెలలో దసరాకు ముందు ఇళ్ళకు సున్నాలు వేయడం పాత ఆచారం. కోస్తా జిల్లాలలో ఈ పని ఎక్కువగా సంక్రాంతికి ముందు జరుగుతుంది. పండుగ శుభ్రత అన్నది ఒక కారణమే. దానికంటె లోతైన కారణం సున్నం స్వభావంలో ఉన్నది. సున్నపురాయిని బట్టీలో కాల్చితే కాల్షియం ఆక్సైడ్ గడ్డలు మిగులుతాయి. వీటికి నీరు తగిలితే సలసల కాగి కాల్షియం హైడ్రాక్సైడ్ అవుతుంది. దీనినే మనం తడిసున్నం అంటాము. గోడకు పూసిన తరువాత అది గాలిలోని కార్బన్ డయాక్సైడును నెమ్మదిగా పీల్చుకొని తిరిగి కాల్షియం కార్బొనేటుగా, అనగా రాయిగా మారుతుంది. రాయి కాలి పొడియై, నీటిలో కలిసి, గోడమీద మళ్ళీ రాయి కావడం ఒక చిత్రమైన పునర్జన్మ. అయితే ఈ మార్పు జరగడానికి పూతలో కొంత తడి నిలిచి ఉండాలి. మండుటెండలో పూస్తే నీరు గంటలో ఆవిరై సున్నం గట్టిపడక పొడిపొడిగా చేతికి అంటుతుంది. వానలలో పూస్తే కొట్టుకొనిపోతుంది. వానలు వెనుకబట్టి, గోడలు ఇంకా చల్లగా ఉండి, ఎండ మెత్తబడిన ఆశ్వయుజం దానికి తగిన కాలం. రసాయన శాస్త్రం చదవని మా తాతలు ఈ సంగతిని పండుగతో ముడివేసి గుర్తుంచుకొన్నారు.

ఆ పని జరిగే తీరును కొంత వివరంగా చెబుతాను, ఎందుకంటే నేటి విద్యార్థులలో దీనిని చూసినవారు తక్కువ. పాత ఇనుప డ్రమ్ములో సగం వరకు నీరు పోసి, సున్నపు గడ్డలను ఒక్కొక్కటిగా వేయాలి. గడ్డల మీద నీరు కుమ్మరించరాదు. ఉడుకు చిందులు కంటిలో పడితే చూపు పోయే ప్రమాదమున్నది. పిల్లలను ఆ దరిదాపులకు రానీయక బాపు మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టేవాడు. ఉడుకు తగ్గిన తరువాత రెండు మూడు రోజులు నాననిచ్చి, పలుచని గుడ్డలో వడగట్టి, తుమ్మజిగురు నీళ్ళు, పిడికెడు ఉప్పు కలిపేవారు. జిగురు పూతను గోడకు పట్టి ఉంచుతుంది. ఉప్పు గాలిలోని తేమను లాగి పూత త్వరగా ఎండకుండ చూస్తుంది. చివర చిటికెడు నీలిమందు. పసుపు ఛాయను అణచి తెలుపును మరింత తెల్లగా చూపడం దాని పని. పూసేటప్పుడు మొదటి పూత నిలువుగా, అది ఆరిన తరువాత రెండవది అడ్డంగా. తడిగా ఉన్నప్పుడు గోడ ఏమంత తెల్లగా కనబడదు. కొత్తవారు అది చూచి చిక్కగా పూస్తారు, ఆ చిక్కని పూత పదిరోజులలో పెచ్చులై లేస్తుంది. సున్నం పాలవలె పలుచగా ఉండాలి. తెల్లదనం మరునాటికి గాని రాదు.

గోడ అడుగున జానెడు మేర జాజు పట్టీ వేసేవారు. ఇది అందానికే అనుకొనేవాడిని. వాన చినుకు నేలను తాకి చిమ్మిన ఎర్రమట్టి గోడమీద సరిగ్గా ఆ జానెడు ఎత్తులోనే పడుతుందని చాల ఏళ్ళకు గాని గమనించలేదు.

సున్నపు పూతకు మరొక గుణమున్నది. అది గోడను ఊపిరి తీయనిస్తుంది. ఇటుక గోడ అడుగునుండి చెమ్మను పీల్చుకొంటుంది. సున్నపు పూతలోని సన్నని రంధ్రాల గుండా ఆ చెమ్మ బయటికి ఆవిరై పోతుంది. ఈ సత్యాన్ని నేను డబ్బు పోసి నేర్చుకొన్నాను. బాపు పదవీ విరమణ తరువాత పట్టణం అంచున మూడు గదుల ఇల్లు కట్టుకొన్నాడు. నాకు అప్పటికి అధ్యాపక ఉద్యోగం వచ్చింది. కొత్త జీతం, కొత్త ఉత్సాహం. సున్నం నాకు నామోషీగా తోచింది. ఖరీదైన ప్లాస్టిక్ రంగు తెప్పించి పడకగది గోడలకు వేయించాను. "గోడ ఇంకా ఆరలేదురా" అని బాపు అంటూనే ఉన్నాడు. రెండు వానకాలాలు గడిచేసరికి రంగు కింద నీటి బుడగలు లేచాయి. వేలితో నొక్కితే పొర చిట్లి తెల్లని ఉప్పు రాలేది. బయటికి దారి లేని చెమ్మ లోపలే నిలిచి గిలాబును కుళ్ళబెట్టింది. బాపు ఒక్క మాట కూడ అనలేదు. గీకుడు రేకు తెచ్చి రంగంతా గీకి, ఆ వేసవి గోడను ఆరనిచ్చి, దసరాకు సున్నం వేశాడు. డాక్టరేటు పట్టా పుచ్చుకొన్న కొడుకు నిచ్చెన పట్టుకొని నిలబడ్డాడు.

దీనిని బట్టి ప్లాస్టిక్ రంగులు పనికిరానివని అనుకోరాదు. పూర్తిగా ఆరిన గోడకు, సరియైన అడుగుపూత మీద వేస్తే అవి ఏళ్ళ తరబడి నిలుస్తాయి, తడిగుడ్డతో తుడిస్తే బొగ్గు ధూళి పోతుంది. ఈ ఒక్క విషయంలో అవి సున్నం కంటె మేలు. తప్పు రంగుది కాదు, వరుసది. ఇంటి మరమ్మతులో మొదట చూడవలసినది నీరు, తరువాత పగులు, ఆ తరువాత గిలాబు, అన్నిటికీ చివర రంగు. మనలో చాలమంది ఈ వరుసను తలకిందులు చేసి, అతిథులు వచ్చే ముందర రంగుతో మొదలుపెడతారు.

నీటి సంగతి పైకప్పు నుండి చూడాలి. రోహిణి కార్తె ఎండలలోనే, వానలకు ముందే, స్లాబు పైకెక్కి ఎండుటాకులు, మట్టి ఊడ్చి తూములు శుభ్రపరచాలి. మా కాలనీలో తూము పూడుకొనిపోవడానికి ఆకుల కంటె బొగ్గు పొడి ఎక్కువ కారణం. అది వాననీటితో కలిసి బురదగా గడ్డకడుతుంది. పిట్టగోడ స్లాబుతో కలిసే మూలలో సన్నని సందు ఏర్పడితే దానిని సున్నమో సిమెంటో పెట్టి గుండ్రంగా పూయాలి. అక్కడ కాకులు రాల్చిన రావి గింజ, మర్రి గింజ మొలకెత్తుతాయి. వేలెడు మొలకను ముచ్చటగా చూసి వదిలివేస్తే నాలుగేళ్ళకు దాని వేరు పిట్టగోడను పెకలిస్తుంది. మొక్కలమీద ఎంత ప్రేమ ఉన్నా ఆ మొలకను వేరుతో సహా తీయవలసిందే. రావిచెట్టు పూజ్యమే, దాని స్థానం ఊరి చావడి దగ్గర గాని నా పైకప్పు మీద కాదు. ఇక వాన వేళ ఇంటిలోపలి అవస్థను శ్రీకృష్ణదేవరాయలంతటి చక్రవర్తి ఉపేక్షించలేదు. ఆముక్తమాల్యదలోని వర్షర్తు వర్ణనలో తడిసిన కట్టెలకు నిప్పంటుకొనక, పొగతో సతమతమయ్యే గృహిణి కూడ కనిపిస్తుంది. ఆయన దృష్టి రాజసౌధం దాటి వంటింటి పొగ వరకు పోయింది.

ఇప్పుడు పగుళ్ళ సంగతి. ఇది మా ప్రాంతంలో బరువైన విషయం. పగుళ్ళన్నీ ఒక్క రకం కావు. గిలాబు మీద సాలెగూడు వలె అల్లుకొన్న సన్నని గీతలు పూత త్వరగా ఎండడం వల్ల వచ్చేవి, వాటివల్ల ప్రమాదం లేదు. కిటికీ మూల నుండి ఏటవాలుగా సాగేవి, ఇటుకల వరుసల వెంట మెట్లు మెట్లుగా దిగేవి పునాది కదలికను సూచిస్తాయి. నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు కుంచించుకొనిపోవడం దీనికి ఒక కారణం. గనులున్న చోట నేల కుంగడం, ఓపెన్‌కాస్టులలో పేలుళ్ళ అదురు మరి రెండు కారణాలు కావచ్చు. పేలుడు జరిగినప్పుడు అలమారలోని గిన్నెలు గలగలలాడడం ఓపెన్‌కాస్టు అంచున నివసించే వారందరికీ అనుభవమే.

ఈ అదురుకు ఒక కొలత ఉన్నది. గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ 1997లో జారీచేసిన సర్క్యులరులో, పేలుడు వల్ల నేల కంపించే వేగానికి పరిమితులు నిర్ణయించారు. కంపనాల పౌనఃపున్యం 8 హెర్ట్జ్ కంటె తక్కువగా ఉన్నప్పుడు, గని యజమానికి చెందని నివాసగృహాల వద్ద ఆ వేగం సెకనుకు 5 మిల్లీమీటర్లు మించరాదు. గని యజమానికే చెందిన, పరిమితమైన ఆయుర్దాయం గల నివాసాల వద్ద 10 మిల్లీమీటర్ల వరకు అనుమతి ఉన్నది. ఇంజనీర్ల దృష్టిలో దీనికి తర్కం లేకపోలేదు. కంపెనీ కట్టిన ఇల్లు కంపెనీయే బాగుచేసుకొంటుంది, గని మూతపడితే దాని అవసరమూ తీరిపోతుంది. కాని ఆ రెండు రకాల ఇళ్ళలోనూ ఊయలలో నిద్రించే పసిబిడ్డలు ఒక్కటే. ఈ ఒక్క అంకె చదివిన నాడు బాపు చెప్పిన 'కాయితం' అన్న మాట నాకు కొత్తగా అర్థమైంది.

పగులు పెరుగుతున్నదో లేదో తెలుసుకొనే ఉపాయం చాల సులువైనది. పగులు రెండు కొసల వద్ద పెన్సిలుతో అడ్డగీత గీసి తేదీ వేయాలి. మూడు నెలల తరువాత చూస్తే పగులు గీత దాటి సాగినదీ లేనిదీ తెలుస్తుంది. పగులుకు అడ్డంగా సన్నని గాజు ముక్కను రెండు కొసలా సిమెంటుతో అతికిస్తే ఇంకా మేలు, గోడ కదిలితే గాజు విరుగుతుంది. నిలకడగా ఉన్న పగులును కొంత వెడల్పుగా చెక్కి, ధూళి దులిపి, తడిపి పూడ్చవచ్చు. పెరుగుతున్న పగులును పూడ్చడం వృథా, అక్కడ మేస్త్రీని గాక ఇంజనీరును పిలవాలి. మా క్వార్టరు వంటగది గోడమీద బాపు వేసిన తేదీలు ఏడెనిమిది ఉండేవి. కంపెనీ సివిల్ విభాగానికి ఫిర్యాదు రాసేటప్పుడు నాచేత ఆ తేదీలన్నీ వరుసగా రాయించేవాడు. నేను రాసిన మొదటి వ్యాసాలు అవే అనుకోవచ్చు. విశేషణాలు లేకుండ, తేదీలతో, కొలతలతో రాసిన విన్నపాన్ని పక్కన పెట్టడం ఎవరికైనా కష్టమని అప్పుడే తెలిసింది.

లోపలి పనులలో రెండు జాగ్రత్తలు చెప్పి ముందుకు సాగుతాను. పాత తలుపులకు, కిటికీ ఊచలకు వేసిన నూనె రంగులలో సీసం ఉండే అవకాశమున్నది. మనదేశంలో ఇంటి రంగులలో సీసం పదిలక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నిబంధన 2017 నవంబరు నుండి మాత్రమే అమలులోకి వచ్చింది. అంతకు ముందరి రంగును ఉప్పుకాగితంతో పొడిగా గీకితే ఆ ధూళి పిల్లల మెదడుకు హాని చేస్తుంది. తడిపి గీకాలి, గీకిన పొట్టును మూటగట్టి పారవేయాలి, ఆ సమయంలో పిల్లలను, గర్భిణులను దూరంగా ఉంచాలి. రెండవది, వెనుక వేసుకొనే షెడ్డుల మీది పాత సిమెంటు రేకులు. వీటిలో ఆస్‌బెస్టాస్ నార ఉంటుంది. రేకు చెదరకుండ ఉన్నంతవరకు భయం తక్కువ. దానిని రంపంతో కోయడం, పొడిగా రుద్దడం, పగులగొట్టడం చేయరాదు. ఆ సన్నని నార ఊపిరితిత్తులలో చేరితే దశాబ్దాల తరువాత వ్యాధియై బయటపడుతుంది. గనిలో బొగ్గు ధూళిని పీల్చి వచ్చిన మనిషికి ఇంటివద్ద మరొక ధూళి పెట్టడం న్యాయం కాదు.

ఎండ విషయంలో రామగుండానికి రాష్ట్రమంతటా పేరున్నది. 45 డిగ్రీలు దాటిన రోజులు ఇక్కడ అరుదు కాదు. స్లాబు మీద సున్నం పూస్తే ఎండను తిప్పికొట్టి లోపలి గదిని చల్లబరుస్తుందని మా కాలనీ తల్లులకు ఎప్పుడో తెలుసు. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించినప్పుడు అందులోని మూలసూత్రం ఇదే. వేసవి రాత్రులలో ఆ తెల్లని స్లాబు మీదనే మేము నీళ్ళు చల్లుకొని పడుకొనేవాళ్ళం.

ఇక పెరడు. కంపెనీ నల్లా రోజుకు కొంతసేపే వచ్చేది గనుక మంచినీటితో మొక్కలు పెంచే భాగ్యం మాకు లేదు. అవ్వ స్నానాల నీటిని మోరీలోకి పోనీయక చిన్న కాలువ తీసి అరటి దుబ్బుకు మళ్ళించింది. బియ్యం కడిగిన నీరు కరివేపాకు చెట్టుకు. వెనుక దడికి చిక్కుడు, బీర పాకించేది. మొక్కలకు మా ప్రాంతంలో ఒక ప్రత్యేకమైన కష్టమున్నది. బొగ్గు ధూళి ఆకుల మీద పేరుకొంటే పత్రరంధ్రాలు మూసుకొంటాయి, వెలుతురు అందదు, ఆకు పసుపెక్కుతుంది. అందువల్ల వారానికి రెండుమార్లు సాయంత్రం వేళ ఆకులపైన నీళ్ళు చిలకరించేది. వీధివైపు మాత్రం వేప, కానుగ పెంచారు. దట్టమైన ఆకులతో అవి ధూళిని కొంత తామే పట్టి ఉంచుతాయి. ఏ చెట్టునైనా గోడకు మరీ దగ్గరగా నాటరాదు. మునగ కొమ్మ పెళుసు, గాలికి విరిగి కప్పు మీద పడుతుంది. ముంగిలి నేలను గోడనుండి బయటికి వాటంగా, అనగా జారుగా ఉంచాలి, నీరు పునాది వైపు కాక మోరీవైపు పారాలి. మొత్తం ముంగిలిని సిమెంటుతో కప్పివేయడం ఇటీవలి అలవాటు. శుభ్రంగా కనబడుతుంది, నిజమే. కాని వాననీరు ఇంకే చోటు పోయి వీధి మునుగుతుంది, వేసవిలో ఇల్లు పెనంవలె కాలుతుంది. కనీసం ఒక మూలనైనా మట్టిగా వదిలి ఇంకుడు గుంత తీయడం మంచిది. తంగేడు, గునుగు కోసుకొచ్చి బతుకమ్మ పేర్చి ఆడుకొనే ఆడపిల్లలకు కూడ మట్టి వాకిలే ఇష్టం.

మా పెరటిలో ఒక జామచెట్టు ఉండేది. నా చిన్నతనంలో బాపు దానిని ఏదో నర్సరీ నుండి అరచేతి ఎత్తు మొక్కగా తెచ్చి నాటాడు.

1996లో బాపు పదవీ విరమణ చేశాడు. క్వార్టరు ఖాళీ చేయవలసిన గడువుకు వారం ముందు నేను ఇంటికి వచ్చేసరికి ఆయన నిచ్చెన ఎక్కి వంటగది గోడకు సున్నం వేస్తున్నాడు. అది దసరా కాలం కూడ కాదు. నాకు మొదట కోపం వచ్చింది. వారంలో వదలివెళ్ళే ఇంటికి సున్నమేమిటి? అడగబోయి, ఇరవై ఏళ్ళ కిందట విన్న జవాబు గుర్తుకు వచ్చి ఊరుకొన్నాను. కుంచె తీసుకొని రెండవ గోడ మొదలుపెట్టాను. పగులు మీది తేదీలను మాత్రం ఆయన సున్నంతో కప్పలేదు. వాటిచుట్టూ పూసి ఆ జానెడు చోటు అలాగే వదిలాడు.

తాళంచెవి అప్పగించే రోజున ఒక కాగితం నింపవలసి వచ్చింది. తలుపులు, కిటికీలు, నల్లాలు, బల్బు హోల్డర్లు ఎన్ని ఉన్నవో అందులో రాయాలి. కొత్తగా ఆ క్వార్టరు దక్కిన యువ కార్మికుడు, అతని భార్య, చంకలో బిడ్డతో అప్పటికే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. బాపు అతనిని వెంటబెట్టుకొని ఇల్లంతా తిరిగాడు. ఈ మూల ఆషాఢంలో కారుతది, పైన తూము చూసుకోవాలె. ఈ పగులు మూడేండ్ల సంది కదుల్తలేదు, తేదీలు తుడవకు. మోరీ అటుదిక్కు పూడుతది, వెదురు కర్రతోని పొడిస్తే చాలు. చివరకు పెరటిలోకి తీసుకొనిపోయి జామచెట్టు చూపించాడు.

"దక్షిణం కొమ్మ ముందుగాల కాస్తది తమ్మీ," అన్నాడు. "చిలుకలు రాకముందే తెంపుకోండ్రి."

ఆ యువకుడు తల ఊపాడు. అతని భార్య మాత్రం చెట్టును చూడడం లేదు. ఆమె గోడకు చేయి ఆనించి, అరచేతికి అంటిన సున్నాన్ని చూసి, అవ్వతో అడుగుతున్నది: "ఇండ్ల ఏం కలిపిండ్రు పెద్దమ్మా?"

అవ్వ గడప మీద కూర్చుండి తుమ్మజిగురు లెక్క చెప్పడం మొదలుపెట్టింది. సామాను ఎత్తిన బండి బయట చాలసేపు నిలిచిపోయింది.

అభ్యాసం

అ) క్రింది ప్రశ్నలకు వివరంగా సమాధానాలు రాయండి.
1. సున్నం వేయడానికి దసరా కాలం అనువైనదని వ్యాసకర్త ఏ కారణాలతో నిరూపించాడు?
2. 1997 నాటి సర్క్యులరులోని రెండు పరిమితుల భేదాన్ని వివరించి, దానిపై వ్యాసకర్త అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారో లేదో రాయండి.

ఆ) క్రింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. చెమ్మ ఉన్న గోడకు ప్లాస్టిక్ రంగు వేస్తే ఏమి జరిగింది?
2. పగుళ్ళపై వేసిన తేదీలను బాపు సున్నంతో ఎందుకు కప్పలేదు?

ఇ) సౌధం, వాకిలి, ముంగిలి, ఖని అనే పదాల పుట్టుకను వివరించండి.

ఈ) మీ ఇంటి గోడలను, పైకప్పును, ముంగిలిని పరిశీలించి, మరమ్మతు కోరుతూ ఇంటి యజమానికి గాని సంబంధిత కార్యాలయానికి గాని తేదీలతో, కొలతలతో ఒక లేఖ రాయండి.